రైటు టైము ఏసుదానం గారి లేటు బండి

ఏసుదానం గారికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఆయన బండి బయల్దేరదు.

అసలు బండి కాదు, బొమ్మ బండి. గజపతినగరంలో ఆయన అద్దెకున్న ఇంటి హాలంతా ఆక్రమించిన ప్లైవుడ్ బల్ల, దాని మీద పట్టాలు, సిగ్నళ్ళు, అట్టముక్కలతో కట్టిన స్టేషను, పసుపు పలక మీద నల్లటి అక్షరాలతో ఊరి పేరు. పొద్దున పూట గూడ్సు బండి గిరగిరా తిరిగేది. సాయంత్రం పాసింజరు మాత్రం దీపాలు వెలిగించుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు కుర్చీల్లో కూర్చునేవారు. టీ అయిపోయేది, జంతికలు అయిపోయేవి, ఊరి కబుర్లన్నీ అయిపోయేవి. బండి కదిలేది కాదు.

"ఏటి గార్డు గారూ, బండి ఒగ్గరేటి?" అని ఎవరో ఒకరు ఉండబట్టలేక అడిగేవారు.

"ఉండండి బావూ, ఒకలు రావాల."

"ఎవులు?"

"ప్రయాణికులు."

బొమ్మ బండికి ప్రయాణికులేమిటని ఇంకెవరూ అడిగేవారు కాదు. కాసేపు కిటికీలోంచి వీధిలోకి చూసి, "సరే, ఈయేళ కాదులెండి" అని ఆయన దీపాలు ఆర్పేసేవారు. పిల్లలు ఏడుస్తూ, పెద్దలు నవ్వుకుంటూ ఇళ్ళకు పోయేవారు.

ఇందులో విడ్డూరమేమిటంటే, ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన పేరు రైటు టైము ఏసుదానం. రైల్లో గార్డు. ఆయన పచ్చజెండా ఊపాడంటే గడియారం తప్పయినా కావాలి గానీ బండి తప్పు కాదు. ఆ జబ్బు ఎంతవరకు వెళ్ళిందంటే, బాప్టిస్టు చర్చిలో ఆయన పెళ్ళినాడు, పెళ్ళికూతురు ఇంకా రిక్షా దిగకముందే వాచీ చూసుకుని, "టైమైపోనాది, మొదలెట్టీండి పాస్టరు గారూ" అన్నారట. "ఎవర్నిచ్చి చెయ్యమంటావు నాయనా?" అని పాస్టరు గారు అడిగితే, "ఆవిడ తరవాత స్టేషన్లో ఎక్కుతాదిలెండి" అన్నారట. ఆ పెళ్ళికూతురు కృపారాణి ఆ మాటను ఇప్పటికీ మరిచిపోలేదు. కూరలో ఉప్పు తక్కువైందని ఆయన అన్నప్పుడల్లా, "తరవాత స్టేషన్లో ఎక్కుతాదిలెండి" అంటుంది.

అలాంటి మనిషి రిటైరయ్యాక ఉన్నట్టుండి, బండిని ఆపడమే పనిగా పెట్టుకున్నాడు. వయసు మీద పడింది గదా, పోనీలే అనుకుంది ఊరు. అందరికంటే ఎక్కువగా అనుకున్నవాడు పాల్.

పాల్ కృపారాణి తమ్ముడు. స్టేషన్ రోడ్డులో సెల్‌ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. కాలిపోయిన ఫోనుకు ప్రాణం పోయగలడు గానీ బావ గారి మాట తీసెయ్యలేడు. అందుకే ఇంటి ఓనరు రమేష్‌బాబు ఈ ఇల్లు పడగొట్టి షాపులు కడతాను, ఖాళీ చెయ్యండి అన్నప్పుడు, కబురు ముందు పాల్‌కే వచ్చింది.

"ఒరే పాలూ, శృంగవరపుకోట ఎలిపోతన్నాం. మీ అప్ప ఆ ఊళ్ళో ఇల్లు సూసీసినాది."

"సామాన్లు సర్దడానికి రమ్మంటావా బావా?"

"సామాన్లు ఎవులైనా సర్దుతారు. ఈ బల్ల గుమ్మంలోంచి పట్టదు. కోసీవాల. కోసీసినాక మళ్ళీ ఈ స్టేషను ఉండదు, ఈ వీధీ ఉండదు. ఈలోగా నాకు రెండు పన్లు సెయ్యాల. బండికి కంప్యూటరు కలపాల. డబ్బాని డబ్బాకి తగిలించీ కొత్త కప్లింగులు బిగించాల. ఎల్లేలోగా నా పాసింజరు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఇక్కణ్ణుంచి సరిగ్గా బయల్దేరాల."

"ఆ ఒక్కసారేదో ఇప్పుడే ఒగ్గీ బావా, గొడవొగ్గిపోతాది."

"నీకు తెల్దు" అన్నారు ఏసుదానం గారు. ఇంట్లో చుట్టూ అట్టపెట్టెలు. అందరూ సామాను సర్దుకుంటుంటే ఈయన రైలు మార్గం విస్తరిస్తున్నాడు. పాల్ నవ్వు ఆపుకుంటూ సరేనన్నాడు.

మొదట కంప్యూటరు. షాపులో ఎవరో బాగుకిచ్చి మళ్ళీ మొహం చూపించని పాత ల్యాప్‌టాప్ తెచ్చాడు. ఇంజను కడుపులో వేలిగోరంత చిప్పు పెట్టాడు. ల్యాప్‌టాప్ నుంచి ఒక డబ్బాకీ, డబ్బా నుంచి పట్టాలకీ వైర్లు వేశాడు. ఇక మౌసు నొక్కితే బండి నడుస్తుందని చెప్పి నొక్కాడు. బండి వెనక్కి నడిచి, గోడను గుద్ది, వంటింటి వైపు పడింది.

"ఏటైనా ఎక్కించుకోడానికి వచ్చినాదేటి?" అంది లోపల్నుంచి కృపారాణి.

రెండోసారి నొక్కితే ల్యాప్‌టాప్ అప్‌డేట్‌లో పడింది. తెర మీద చుక్కలు తిరుగుతున్నాయి, బండి నిలబడింది. పాల్ తల పట్టుకున్నాడు గానీ ఏసుదానం గారి మొహం వెలిగిపోయింది. "సూసేవా, ఎంత బుద్ధైన మిషనో! సెప్పకుండానే ఆగుతాది."

బండి ఆగి ఉన్నంతసేపూ స్టేషన్లో వినిపించే అనౌన్స్‌మెంటు కూడా కావాలన్నారు. ఆయన గొంతుతోనే రికార్డు చేయించుకున్నారు. ఇంట్లో అందరితో మన యాసలో మాట్లాడే మనిషి, మైకు పెట్టేసరికి నిటారుగా నిలబడి రైల్వే వాళ్ళ తెలుగులోకి దిగిపోయారు: "దయచేసి వినండి. పాసింజరు బండి ఆలస్యముగా బయలుదేరును. మీకు కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము." స్పీకరు కిటికీలో పెట్టించారు, మొహం వీధి వైపు.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం వీధి వీధంతా ఆ చింత వినవలసి వచ్చింది. పాల కోసం వచ్చినవాళ్ళూ, ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలూ "చింతిస్తున్నాము" అని ఆయన్ని అనుకరిస్తూ పోయేవారు. ఎదురింటి అరుగు మీద కూర్చునే జగన్నాధం ఒక్కడే నవ్వేవాడు కాదు. లేచి లోపలికి పోయేవాడు.

జగన్నాధం సంగతి ఊరందరికీ తెలుసు. వరి, నువ్వులు పండించే రైతు. ఆయనకూ ఒక పిచ్చి ఉంది, రైలెక్కడు. స్టేషను పక్కనే ఉన్నా బస్టాండుకు పోయి, రాయగడకైనా విశాఖపట్నానికైనా బస్సు మీద బస్సు మారుతూ, నడుం పట్టుకుని దిగుతాడు. రైలు గేటు దగ్గర బస్సు ఆగి రైలు పోతుంటే కళ్ళు మూసుకుంటాడని కండక్టర్లు చెప్పుకుంటారు. ఏసుదానం గారితో చిన్నప్పుడు ఒకే బెంచీ. ఇప్పుడు మాటల్లేవు. కృపారాణీ, జగన్నాధం భార్య అసిరమ్మా వీధిలోకి వచ్చి కూరగిన్నెలు అందించుకుంటారు. మొగుళ్ళు మాత్రం ఎదురెదురుగా కూర్చుని చెరో దిక్కు చూస్తారు.

ఏసుదానం గారికి ఇంకో కోరిక పుట్టింది. "ఎవులైనా మనింటికి వస్తన్నారంటే కంప్యూటరుకి తెల్డానికి ఏటైనా ఉన్నాదేటిరా?"

ఉంది. పాల్ వీధి గేటుకు సెన్సారు బిగించాడు. ఎవరైనా గేటు దాటితే కంప్యూటరుకు తెలుస్తుంది, బండి బయల్దేరుతుంది. ఆ సాయంత్రం ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. "చింతిస్తున్నాము" అని రెండుసార్లు వచ్చింది. మూడోసారి రాబోతుండగా ఇంజను దీపం వెలిగి, బండి కదిలింది. ఏసుదానం గారు కుర్చీ తన్నేసి గుమ్మంలోకి పరిగెత్తారు.

గేటు లోపల జగన్నాధం గారి మేక నిలబడి కరివేపాకు మొక్క తింటోంది.

"ఆపరా పాలూ! మేకనెక్కించుకుని ఎలిపోతన్నాది!"

మర్నాడు ఇల్లు వదిలేముందు చేసే ప్రార్థన గురించి మాట్లాడడానికి పాస్టరు గారు వచ్చారు. ఆయన గేటు దాటీ దాటకముందే లోపల్నుంచి కేక వినిపించింది: "ఈయన కాదు! ఈయన కాదురా! ఆపు!" పాస్టరు గారు ఒక కాలు గుమ్మం లోపల, ఒక కాలు బయట పెట్టి చాలాసేపు ఆలోచించారు.

పైగా బండి కదిలినప్పుడల్లా ఇంకో అవమానం జరిగేది. పాత కప్లింగులు ఉత్త కొక్కేలు. ఇంజను లాగిన కుదుపుకు చివరి కొక్కెం ఊడిపోయి, మిగతా బండి వెళ్ళిపోయేది, లాస్టు డబ్బా ప్లాట్‌ఫారం మీద ఉండిపోయేది. లాస్టు డబ్బా అంటే గార్డు డబ్బా. వెనక గుణకారం గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కళ్ళతో చూస్తే గానీ స్టేషను మాస్టరు బండి వచ్చిందని ఒప్పుకోడు. "లాస్టు డబ్బా రాకపోతే బండి రానట్టేరా" అని ఏసుదానం గారు దాన్ని చేత్తో తోసుకుంటూ వెళ్ళి కలిపేవారు.

మేకకూ పాస్టరుకూ సమాధానం చెప్పుకోలేక పాల్‌కు విసుగొచ్చింది. "అసలెవుడు బావా ఆ ప్రయాణికుడు? ఆధార్ కార్డైనా ఇయ్యి, కంప్యూటరుకి సెప్తాను."

ఏసుదానం గారు కిటికీలోంచి ఎదురింటి అరుగు వైపు చూసి తల దించుకున్నారు. ఆ చూపు పాల్ కంట పడింది.

వంటింట్లో అక్క గిన్నెలకు పాత పేపర్లు చుడుతోంది. "అప్పా, బావకీ జగన్నాధం మావకీ గొడవేటి?"

కృపారాణి చేతిలో గిన్నె కింద పెట్టింది. "నువ్వప్పుడు విశాఖపట్నంలో సదూకుంతన్నావు. మీ బావ బండి ఈ ఊరు దాటినప్పుడల్లా జగన్నాధం చెంబుతో సోడంబలి తెచ్చి ప్లాట్‌ఫారం మీదే ఇచ్చీవోడు. తాగీసి జెండా ఊపీవోరు. అదీ వాల్ల స్నేహం. ఒక దినం పార్వతీపురంలో ఉన్న వాల్ల నాన్నకి బాగోనేదని జగన్నాధానికి కబురొచ్చినాది. బండి కోసం పరిగెట్టుకొస్తన్నాడు. మీ బావ సూసినారు. సిగ్నలిచ్చీసినారు, టైమైపోనాది, జెండా ఎత్తీసినారు. లాస్టు డబ్బాలోంచి సెయ్యి సాపినారు. అందనేదు."

"మరి?"

"బస్సులో ఎల్లేసరికి తండ్రి పోనాడు."

"దానికి బావేటి సేస్తాడప్పా? రూలు రూలే గదా."

"దానికి కాదురా జగన్నాధానికి కోపం. మీ బావ పలకరించడానికి ఎల్లినారు. ఏడుద్దామనే ఎల్లినారు. అందర్లో నిలబడి ఏటన్నారో తెల్సా? 'ఆ దినం బండి రైటు టైమేరా' అన్నారు. పై ఆఫీసర్లకి సెప్పీ సెప్పీ ఆ నోటికి అదొక్కటే వస్తాది. ఇంటికొచ్చినాక తెలిసినాది, ఏటన్నారో. మళ్ళీ ఎల్లి ఇంకో మాట సెప్పడానికి మొహం సెల్లనేదు."

పాల్ హాల్లోకి వచ్చి చూశాడు. బావ బల్ల మీదకు వంగి అట్ట స్టేషను మీద దుమ్ము తుడుస్తున్నారు. ఇన్నాళ్ళూ ఈ మనిషిని చూసి షాపులో ఎన్ని జోకులు వేశాడో పాల్‌కు గుర్తొచ్చింది. ముందే అడిగి ఉండాల్సింది. ఎదురిల్లే గదా, మధ్యన ఉన్నది ఒక వీధే గదా, ఎవరో ఒకరు ముందే దాటి ఉండాల్సింది.

గేటు దగ్గరకెళ్ళి సెన్సారు పీకేశాడు. హాల్లో గోడకు మేకు మీద ఏసుదానం గారి పాత పచ్చజెండా వేలాడుతుంటుంది. దాని వెనక బిగించాడు.

"ఇక మేకలూ పాస్టర్లూ కదపలేరు బావా. నువ్వు జెండా తీసి ఎత్తితేనే బండి కదుల్తాది."

ఏసుదానం గారు జెండా అంచు నిమిరారు. "అంటే, నాను ఎత్తకపోతే ఆగుతాది."

"ఆగుతాది."

"ఆ దినం కూడా అంతే గదరా" అన్నారు మెల్లగా.

లారీ మర్నాడు పొద్దున వస్తుందనగా, ఆ సాయంత్రం పాల్ కొత్త కప్లింగులు బిగించడానికి కూర్చున్నాడు. ఇవి కొక్కేలు కావు. రెండు గుప్పిళ్ళు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు పట్టుకుంటాయి. ఒకసారి పట్టుకుంటే కుదుపుకు వదలవు. కానీ ఒక్కో గుప్పిట్లో ఆవగింజంత స్ప్రింగు ఉంటుంది. దాన్ని పట్టకారుతో పెట్టాలి. చెయ్యి వణికితే అది ఎగిరి ఏ లోకానికి పోతుందో దేవుడికే తెలియాలి. అదనంగా పంపిన స్ప్రింగులన్నీ మొదటి రెండు డబ్బాలకే ఎగిరిపోయాయి. ఆ తరవాత పాల్ ఊపిరి బిగబట్టి ఒక్కొక్క డబ్బా ముగించుకుంటూ వచ్చాడు. మిగిలింది లాస్టు డబ్బా ఒక్కటే. మిగిలింది స్ప్రింగూ ఒక్కటే.

అది టింగుమని ఎగిరి, తెరిచున్న తలుపులోంచి వీధి వైపు పోయింది.

ముగ్గురూ గేటు దగ్గర నేల మీద వంగి వెతికారు. "పాస్టరు గారు ఆవగింజంత విశ్వాసం సాలంటారు" అంది కృపారాణి, "మీ బావకి ఆవగింజంత స్ప్రింగు కూడా కావాల." ఎవరూ నవ్వలేదు. ఇంకొంచెంసేపటికి చీకటి పడుతుంది. పొద్దున వడ్రంగి వచ్చి బల్ల కోసేస్తాడు. ఏసుదానం గారు నడుం నొప్పితో లేచి, "పోన్లేరా, మన బండికి రాసిపెట్టి నేదు" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ మాట ఆయన అంత మామూలుగా అనకపోతే బాగుండునని పాల్‌కు అనిపించింది.

"ఏటి పోనాదిరా?" ఎదురింటి అరుగు మీంచి గొంతు.

"స్ప్రింగు మావా. ఆవగింజంత ఉంటాది."

జగన్నాధం దిగి వచ్చాడు. "కదలకండెవులూ. ఎతుకుతన్నారా, తొక్కుతన్నారా?" నువ్వుల్లో మట్టిబెడ్డలు ఏరిన కళ్ళవి. నేల మీద గొంతుక్కూర్చుని, అరచేత్తో మెల్లగా తడుముతూ వచ్చాడు. గేటు పక్కన ఏసుదానం గారు విడిచిన చెప్పులున్నాయి. ఒక చెప్పు చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, పట్టీలో ఇరుక్కున్న స్ప్రింగును గోటితో తీశాడు.

"దేనికిరా ఇది?"

"లాస్టు డబ్బాకి మావా. ఇది నేకపోతే బండి ఎలిపోతాది, గార్డు డబ్బా ఉండిపోతాది."

"అప్పుడు గార్డు డబ్బా ఎలిపోనాది" అన్నాడు జగన్నాధం, "నానుండిపోనాను."

"ఈ బండి ఎల్లదు మావా. రోజూ సాయంత్రం నీ కోసమే ఆగతన్నాది. ఊరంతా నవ్వతన్నారు. నానూ నవ్వీసినాను."

ఇలా ఇమ్మని పాల్ చెయ్యి చాచాడు. జగన్నాధం ఇవ్వలేదు. గుప్పిట మూసుకుని, చెప్పు జాగ్రత్తగా దాని జత పక్కన పెట్టి, గేటు దాటాడు.

బల్ల దగ్గర దీపాలు ఆర్పబోతున్న ఏసుదానం గారు అడుగుల చప్పుడుకు తలెత్తారు. జగన్నాధం గుప్పిట తెరిచాడు. ఇద్దరూ దాని మీదకు వంగి చూశారు.

"ఊపిరి ఒగ్గకురా, ఎగిరిపోతాది" అన్నాడు జగన్నాధం.

పాల్ దాన్ని పట్టకారుతో తీసుకుని కప్లింగులో పెట్టాడు. ఈసారి అది ఎగరలేదు. లాస్టు డబ్బాను తోస్తే, టక్కుమని ముందు డబ్బాను పట్టుకుంది. జగన్నాధం దాన్ని వేలితో లాగి చూసి, ఊడదని నమ్మకం కలిగాక కుర్చీలో కూర్చున్నాడు. తరవాత గోడ గడియారం ఉండే చోటుకేసి చూశాడు. అది అప్పటికే అట్టపెట్టెలోకి వెళ్ళిపోయింది.

"టైమెంతైనాదిరా ఏసుదానం?"

వంటింటి గుమ్మంలో కృపారాణి నిలబడిపోయింది. పాల్ బావ నోటి వైపు చూశాడు. ఈ నోటికి వచ్చేది ఒక్కటే మాట.

ఏసుదానం గారు చేతి వాచీ వైపు చూడలేదు. "లేటురా" అన్నారు. "శానా లేటైపోనాది."

జగన్నాధం తల ఊపాడు. "నానూ లేటే. ఎదురిల్లే గదా, నానైనా రానేదు. రోజూ చింతిస్తన్నావు, ఎవుల్ని తలుసుకుని చింతిస్తన్నాడో ఈడు అనుకునీవోణ్ణి."

"నిన్నేరా."

"పేరెట్టి సెప్పాల గదా మరి! వీధంతటికీ సెప్తే నాకేటి తెలుస్తాది?"

ఏసుదానం గారు కళ్ళు తుడుచుకుని, మేకు మీంచి జెండా తియ్యబోయారు.

"ఆగెహే!" అన్నాడు జగన్నాధం.

"మళ్ళీ ఏటిరా?"

"అసిరి సోడంబలి తెస్తాది. అంబలి తాగకుండా నీ బండి ఎప్పుడైనా ఎల్లినాదేటి?"

రైటు టైము ఏసుదానం గారు జెండా మీంచి చెయ్యి తీసి, బుద్ధిగా నిలబడ్డారు. బండి ఆగి ఉంది గనక ల్యాప్‌టాప్ తన పని తాను చేసింది. "మీకు కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము."

జగన్నాధం కిటికీలోంచి వీధి దద్దరిల్లేలా కేకేశాడు. "ఒసే అసిరీ, బేగి రాయే! ఈడు మళ్ళీ చింతిస్తన్నాడు!"

అసిరమ్మ చెంబుతో రాగుల అంబలి తెచ్చింది. వెనకాలే మేకా వచ్చింది, దానికి అలవాటైన దారే గదా. ఏసుదానం గారు నిలబడే అంబలి తాగి, మూతి తుడుచుకుని, జెండా ఎత్తారు. బండి కుదుపు లేకుండా కదిలింది. ఇంజనూ డబ్బాలూ పోయి, వాటి వెనక గార్డు డబ్బా కూడా పోయి, బల్లంతా చుట్టి, గుణకారం గుర్తుతో సహా స్టేషన్లోకి వచ్చి ఆగింది. పొద్దున దీన్ని కోసేస్తారని పాల్‌కు గుర్తొచ్చింది. ఇంకొన్నాళ్ళు ఉంటే బాగుండును.

"లాస్టు డబ్బా వచ్చినాదేటి?" అని జగన్నాధం అడిగాడు.

"ఒచ్చినాదిరా."

బండి మళ్ళీ ఆగింది గనక ల్యాప్‌టాప్ మళ్ళీ గొంతు సవరించుకుంది. "దయచేసి వినండి" అని మొదలుపెట్టింది.

"ఇంక సాల్లే బావూ" అని జగన్నాధం లేచి, దాని మూత మూసేశాడు.